మా కారుకు వానాకాలపు చక్రాలు

2024 సెప్టెంబరు మొదట్లో, ఖమ్మంలో మున్నేరు పొంగిన ఆ వానల్లోనే, ఒక రాత్రి తొమ్మిదింటికి రాయదుర్గం నుంచి కూకట్‌పల్లిలో మా ఇంటికి వస్తున్నాను. రోడ్డంతా నీళ్లు. ముందు వెళ్తున్న ఆటో ఉన్నట్టుండి కుడికి తప్పుకుంది. ఎందుకు తప్పుకుందో నాకు బుర్రకెక్కే లోపే ఎడమవైపు ముందు చక్రం గుంతలో దిగింది. ఆ చప్పుడు కారుకన్నా ముందు కడుపులో తగిలింది.

కారు అక్కడ ఆగిపోలేదు, నెమ్మదిగా ఇంటికి చేరింది. పొద్దున్నే సెల్లార్‌లోకి దిగి చూస్తే టైరు పక్క గోడ మీద నిమ్మకాయంత ఉబ్బు. రిమ్ము అంచు లోపలికి నొక్కుకుపోయింది. మా వీధి చివర పంచర్ షాపు నడిపే మలయాళీ పెద్దాయన వచ్చి వేలితో ఉబ్బును నొక్కి చూశాడు. "సార్, ఇది లోపల దారాలు తెగింది. దీన్ని నమ్మి రింగ్ రోడ్డు ఎక్కకండి" అన్నాడు.

ఇక్కడ కారు గురించి చెప్పాలి. నాది 2012 మోడల్ ఆడి టీటీ, రెండు తలుపుల బండి. నాకన్నా ముందు ఇద్దరు నడిపారు. నేను చార్టర్డ్ అకౌంటెంటుని. ఊళ్లో అందరికీ ఖర్చులు తగ్గించుకోమని చెప్పి ఫీజు తీసుకుంటాను, నేను మాత్రం ఇది కొన్నాను. కొత్త క్రెటా ధరకన్నా తక్కువకే వచ్చిందని ఇంట్లో చాలాసార్లు చెప్పి చూశాను. మా ఆవిడ ఆ మాట మీద ఇంతవరకూ ఏమీ అనలేదు, అదే నాకు టెన్షన్.

టైరు విప్పబోతే ఇంకో తంటా బయటపడింది. ప్రతి చక్రానికీ ఉండే ఐదు బోల్టుల్లో ఒకటి దొంగల కోసం పెట్టిన తాళం బోల్టు. దాని తలకాయ మామూలు పానాకు పట్టదు, దానికని వేరే తాళం ఉండాలి. ముందు ఓనర్లలో ఎవరో ఆ తాళాన్ని పోగొట్టేశారు. కొన్నప్పుడు నాకు అడగాలని కూడా తట్టలేదు. పెద్దాయన దానికన్నా కాస్త చిన్న సాకెట్ తెచ్చి, సుత్తితో కొట్టి బిగించి, పొడవాటి పైపు తగిలించి తిప్పాడు. నాలుగు చక్రాల తాళం బోల్టులూ తీసేసరికి రెండు గంటలు పట్టింది, ఒక సాకెట్ పగిలింది. సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటి బండి కొనేవాళ్లు ఆర్సీ, ఇన్సూరెన్సుతో పాటు ఆ చిన్న తాళాన్ని కూడా అడిగి తీసుకోండి. డిక్కీలో పనిముట్ల సంచిలో ఉంటుంది, ఉంటే.

ఇన్సూరెన్సు వస్తుందేమోనని పాలసీ తీసి చదివాను. మన మోటారు పాలసీల్లో టైర్లు, ట్యూబులు మాత్రమే పాడైతే ఏమీ రాదు. అదే దెబ్బకు బండికి కూడా నష్టం జరిగితే టైరు ఖరీదులో సగం ఇస్తారు. రోజూ క్లయింట్లకు చెప్పే విషయమే, నా టైరు దగ్గరికి వచ్చేసరికి ఇంకోలా ఉంటుందని ఆశపడ్డాను.

ఒక టైరు మార్చేస్తే పోతుందిలే అనుకుంటే అదీ కుదరలేదు. మా కారు క్వాట్రో. ఇంజను బలం నాలుగు చక్రాలకూ వెళ్తుంది. అందుకని నాలుగు టైర్ల చుట్టుకొలతా దాదాపు ఒకేలా ఉండాలి. కొత్త టైరుకు గాడుల లోతు ఇంచుమించు 8 మిల్లీమీటర్లు ఉంటుంది, నా పాతవాటిలో 3 మిగిలింది. ఒక్కటే కొత్తది వేస్తే అది మిగతావాటికన్నా నెమ్మదిగా తిరుగుతుంది. ఆ తేడా సరిచేయడానికి వెనక ఇరుసుకు బలం పంపే క్లచ్చు ఊరికే పనిచేస్తూ వేడెక్కుతుంది. అది పోతే టైరు ఖర్చు గుర్తు కూడా రాదు.

కాబట్టి నాలుగూ మార్చాను. సైజు 245/40 ఆర్18. ఒక్కొక్కటి 21,500, మొత్తం 86,000. అదీ చెప్పగానే దొరకలేదు. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని నియంత్రిత జాబితాలో పెట్టింది. అప్పట్నుంచి లైసెన్సు లేకుండా బయటి నుంచి తేలేరు. ఇక్కడ ఎక్కువ అమ్ముడయ్యే సైజులకు ఇబ్బంది లేదు, నా సైజులో ఒకే బ్రాండువి నాలుగు కుదరడానికి ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలూ కారు సెల్లార్‌లో కవరు కప్పుకుని పడుకుంది, నేను మెట్రోలో తిరిగాను.

కొత్త టైర్లు వేయించుకున్న రోజు సాయంత్రం మాంట్రియల్‌లో ఉండే మా బావమరిదికి ఫోన్ చేసి ఏడ్చాను. వాడు నవ్వాడు. "బావా, మాకిక్కడ ప్రతి ఇంట్లో రెండు జతలుంటాయి. డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు వేసుకోవాలని క్యూబెక్‌లో చట్టమే ఉంది. నేనైతే చలికాలానికి చిన్న రిమ్ములు, లావు టైర్లు వేస్తాను. గుంతలో పడ్డా, రోడ్డు మీద చల్లిన ఉప్పు తిన్నా పాడయ్యేది చవక రిమ్మే. మంచివి గరాజ్‌లో భద్రంగా ఉంటాయి" అన్నాడు.

నాకది నచ్చింది. ఆ రాత్రి చలికాలపు టైర్ల గురించి రెండు గంటలు చదివాను. ఆ టైర్లే హైదరాబాదుకు తెచ్చుకుందామన్న పిచ్చి ఆలోచన కూడా కాసేపు వచ్చింది, దాచడమెందుకు. కానీ వాటి రబ్బరు వేరు. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల కన్నా చల్లబడితే గట్టిపడి పట్టు తప్పుతుంది. చలికాలపు టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా ఉండేలా చేస్తారు. పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు పువ్వు బొమ్మ ఉంటే అది మంచు పరీక్ష నెగ్గిన టైరని గుర్తు. మనకు జనవరి తెల్లవారుజామున కూడా 7 డిగ్రీలు అరుదు. మే నెల తారు మీద ఆ మెత్తని రబ్బరు పెన్సిల్ రబ్బరులా అరిగిపోతుంది.

మనకు కావలసింది వాడి టైరు కాదు, వాడి పద్ధతి. వాళ్లకు మంచు ఎలాగో మనకు జూన్ నుంచి అక్టోబరు దాకా నీళ్లు, నీళ్ల కింద గుంతలు అలాగ. చిన్న రిమ్ము వేస్తే టైరు పక్క గోడ ఎత్తు పెరుగుతుంది, గుంత దెబ్బ రబ్బరు తింటుంది, రిమ్ము దాకా రాదు. వెడల్పు తగ్గితే నీటిని చీల్చుకుని కిందికి దిగుతుంది. నాసా వాళ్లు 1960లలో విమానాల చక్రాల మీద పరీక్షలు చేసి, టైరు ఎంత వేగం దగ్గర నీటి మీద తేలిపోతుందో చెప్పే ఒక సూత్రం కట్టారు. గాలి పీడనానికి వర్గమూలం తీసి 10.35తో గుణిస్తే ఆ వేగం గంటకు మైళ్లలో వస్తుంది. నా 33 పీఎస్ఐకి లెక్క వేస్తే గంటకు 96 కిలోమీటర్లు వచ్చింది. కారు టైరుకు ఇది ఉరామరి లెక్కే, అరిగిన టైరయితే ఇంకా ముందే తేలుతుంది. మన అవుటర్ రింగ్ రోడ్డు మీద వేగ పరిమితి 120. వానలో ఆ బోర్డు కింద నుంచి వెళ్లినప్పుడల్లా నాకిప్పుడు 96 గుర్తొస్తుంది.

సరే, 2025 మేలో పని మొదలుపెట్టాను. ముందు కాగితం, కాలిక్యులేటరు. టైరు మీద ఉన్న 245/40 ఆర్18 అంటే వెడల్పు 245 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 40 శాతం, అంటే 98, రిమ్ము 18 అంగుళాలు. మొత్తం ఎత్తు 653 మిల్లీమీటర్లు. కొత్త జత ఏదైనా ఈ 653కి దగ్గర్లో ఉండాలి, లేకపోతే స్పీడోమీటరు అబద్ధం చెబుతుంది. యూరప్‌లో ఇదే కారును 16 అంగుళాల చక్రాలతో కూడా అమ్మారు, సైజు 225/55 ఆర్16. లెక్క వేస్తే 654. 17 అంగుళాలకు వస్తే 225/50 ఆర్17 ఎత్తు 657. నాలుగు మిల్లీమీటర్ల తేడా, అర శాతం పైచిలుకు. పక్క గోడ మాత్రం 98 నుంచి 112కు పెరుగుతుంది. ఒక అంగుళం లోహం తీసేసి రబ్బరు వేసుకున్నట్టు.

రిమ్ములో చూడాల్సినవి నాలుగు. బోల్టుల వలయం మా కారుకు 5 గుణకారం 112, అంటే ఐదు బోల్టులు, 112 మిల్లీమీటర్ల వృత్తం. మధ్య రంధ్రం 57.1 మిల్లీమీటర్లు. రిమ్ము వెడల్పు. ఆఫ్‌సెట్, అంటే రిమ్ము నడిమధ్య నుంచి హబ్బుకు (చక్రాన్ని బిగించే ఇరుసు చివరి భాగానికి) ఆనే ముఖం ఎంత బయటికి జరిగి ఉందో ఆ కొలత. ఈ నాలుగూ ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకుని తిరిగాను.

మొదట మాదాపూర్ వైపు అద్దాల తలుపులున్న ఒక అల్లాయ్ షోరూముకు వెళ్లాను. కుర్రవాడు నా కారును చుట్టూ తిరిగి చూసి, "సార్, ఈ బండికి 19 వేద్దాం. లుక్ అదిరిపోతది" అన్నాడు. నేను 17 కావాలన్నాను. ఒంట్లో బాగాలేదేమో అన్నట్టు చూశాడు. మధ్య రంధ్రం ఎంత అని అడిగితే "అన్నిటికీ సెట్టయితది సార్" అన్నాడు. ఆ మాటకు అర్థం, రంధ్రం పెద్దగా చేసి ఏ కారుకైనా తగిలేలా పోతపోశారని. రిమ్ము లోపలివైపు జపాన్ వాళ్ల ప్రమాణం జేడబ్ల్యూఎల్ ముద్ర ఉందా అని చూశాను, ఉంది. కానీ అచ్చులో అక్షరాలు చెక్కడం ఎంత పని? ఎక్కడ చేశారో చెప్పే పేరు మాత్రం డబ్బా మీద కూడా లేదు. నాలుగూ 52,000 అన్నాడు. టీ ఇచ్చారు, తాగి వచ్చాను.

ఇంకో చిక్కు ఆ తర్వాత తెలిసింది. బయట దొరికే అల్లాయ్‌లకు బోల్టు ఆనే చోటు గరాటులా శంకువు ఆకారంలో ఉంటుంది. మా కారు ఒరిజినల్ బోల్టుల మెడ గుండ్రంగా, బంతి సగంలా ఉంటుంది. ఒకదానికి చేసిన బోల్టు ఇంకోదానిలో బిగిస్తే బిగినట్టే అనిపిస్తుంది, నిజానికి ఒక సన్నటి గీత మీద ఆని ఉంటుంది. కొన్నాళ్లకు వదులవుతుంది. షోరూములో ఎవరూ ఈ మాట ఎత్తలేదు. అడిగితే చెప్పేవాళ్లేమో, కానీ ఏం అడగాలో తెలిస్తే కదా.

చవక అంటే సెకండ్ హ్యాండ్ ఒరిజినల్ రిమ్ములే అని తేల్చుకున్నాను. ఫోక్స్‌వాగన్, స్కోడా, ఆడి ఒకే ఇంటి పిల్లలు కాబట్టి ఒకరి చొక్కా ఇంకొకరికి సరిపోతుంది, అన్నీ కాకపోయినా. ముందు మా మెకానిక్ ఒక స్కోడా లారా స్టీలు రిమ్ము అరువు తెచ్చాడు, 16 అంగుళాలది. మా బావమరిది కూడా స్టీలు రిమ్ములే వాడతాడు, అందుకని ఆశగా ఉన్నాను. హబ్బుకు తగిలించి చేత్తో తిప్పితే తిరిగింది. కానీ బ్రేకు ప్యాడ్లను నొక్కే కాలిపర్‌కూ రిమ్ముకూ మధ్య వేలి గోరంత సందు కూడా లేదు. చక్రం ఊగకుండా ఉంచే బ్యాలెన్సింగ్ వెయిట్ లోపల అంటిస్తే గీసుకునేలా ఉంది. అలా 16 ముచ్చట తీరింది.

తర్వాత ఆడి ఏ4 రిమ్ములు 17 అంగుళాలవి దొరికాయి, 14,000కే. మీద అదే నాలుగు వలయాల గుర్తు, అదే 5 గుణకారం 112. డబ్బులు తీసి ఇవ్వబోతూ చీటీ చూసుకున్నాను. ఆ తరం ఏ4 మధ్య రంధ్రం 66.5, నాది 57.1. చక్రం సరిగ్గా నడిమధ్యన కూర్చోవాలంటే మధ్యలో పొడుచుకొచ్చిన హబ్బు ఆ రంధ్రంలో బిగువుగా ఇమడాలి. సందు పూడ్చడానికి మధ్యలో రింగులు వేస్తారు, వేసుకుని తిరిగేవాళ్లు చాలామందే ఉన్నారు, తప్పేమీ లేదు. కానీ నీళ్లలో, బురదలో నానుతూ తిరగడానికే ఈ జత కొంటున్నప్పుడు ఇంకో విడి ముక్క ఎందుకనిపించింది. వదిలేశాను. ఇప్పటికీ ఆ 14,000 గుర్తొస్తే మనసు పీకుతుంది.

రాణిగంజ్‌లో విడిభాగాల కొట్ల చుట్టూ రెండు శనివారాలు తిరిగాను. ఒకాయన ఇంకొకాయనకు, ఆయన మరొకాయనకు ఫోన్ చేసి, చివరికి అత్తాపూర్ వైపు ఒక గోడౌన్‌కు పంపారు. లోపల బానెట్లు, తలుపులు, లైట్లు తాటిచాపల్లా పేర్చి ఉన్నాయి. చాచా అని అందరూ పిలిచే ముసలాయన ఒక మూల గోనె పట్టా తీశాడు. పాత ఫోక్స్‌వాగన్ పాసాట్ రిమ్ములు ఐదు, స్టెప్నీతో సహా. 17 అంగుళాలు, ఏడున్నర వెడల్పు, ఆఫ్‌సెట్ 47, మధ్య రంధ్రం 57.1, బోల్టు ఆనే చోటు గుండ్రం. చీటీలో ఉన్నవన్నీ కలిశాయి. మొహం మీద ఆనందం కనపడకుండా ఉండటం బేరంలో నాకెప్పుడూ చేతకాని పని.

"ఆంఖ్ బంద్ కర్కే లేలో సాబ్" అన్నాడు చాచా. కళ్లు మూసుకుని కాదు, నేను మొబైల్ లైటు వేసి తీసుకున్నాను. రిమ్ము ముందువైపు ఎవరైనా రంగు వేస్తారు, చూడాల్సింది వెనకవైపు. ఒక్కొక్కదాన్ని తిప్పి లోపలి గొట్టం మీద వేలు పెట్టి రాశాను. మూడోదాని మీద పొక్కుల్లా చిన్న గీత తగిలింది. పగిలితే వెల్డింగ్ చేసి, గీకి, వెండి రంగు కొట్టారు. అల్లాయ్‌కి వెల్డింగ్ చేసిన చోట మళ్లీ ఎప్పుడు పగులుతుందో చెప్పలేం, అది నాకొద్దు. చాచా అల్లా మీద ఒట్టేసి అది వెల్డింగ్ కాదన్నాడు. కాసేపటికి, అయితే తనకు అమ్మినవాడే మోసం చేశాడన్నాడు. పాపం అదే నిజమేమో.

మిగిలిన నాలుగింటినీ ఆటోలో వేసుకుని దగ్గర్లోని ఒక టైరు షాపుకు తీసుకెళ్లి బ్యాలెన్సింగ్ మిషను మీద తిప్పించాను. ఉత్త రిమ్ము తిరుగుతుంటే అంచు దగ్గర పెన్ను పట్టుకుని చూస్తే వంకర తెలుస్తుంది. మూడు సాఫు, ఒకటి కొంచెం ఊగింది. ఆ ఊగేదాన్ని చూపించి 26,000 దగ్గర మొదలైన బేరాన్ని 18,000కు తెచ్చాను. వంకర తీయించడానికి 1,200 అయింది. మామూలు బోల్టులు నా పాతవే సరిపోయాయి.

ఆ రాత్రి ఇంకో లెక్క వేశాను. నా ఒరిజినల్ రిమ్ము 9 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ 52. కొత్తది ఏడున్నర, 47. దీని ప్రకారం చక్రం బయటి అంచు 14 మిల్లీమీటర్లు లోపలికి పోతుంది, లోపలి అంచుకూ స్ప్రింగుకూ మధ్య 24 మిల్లీమీటర్ల చోటు పెరుగుతుంది. ఎక్కడా రాసుకోదు. చూడటానికి మాత్రం కారు నోట్లో కట్టుడు పళ్లు తీసేసినట్టుంటుందని అప్పుడే అర్థమైంది.

ఇక టైర్లు. ఒక పెద్ద షాపులో 225/50 ఆర్17 అడగగానే "ఆఫర్ ఉంది సార్, ఒక్కోటి 7,200" అన్నారు. టైరు పక్కన డాట్ అనే అక్షరాల వరస చివర నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. వీళ్ల టైరు మీద 3120. అంటే 2020లో 31వ వారం, దాదాపు ఐదేళ్ల కిందటిది. "గోడౌన్‌లో ఉంటే ఏం కాదు సార్, కొత్తదే కదా" అన్నాడు సేల్స్‌మన్. అప్పడాలు కూడా డబ్బాలోనే ఉంటాయి. వద్దన్నాను.

ఏ బ్రాండు అన్నదాని మీద ఎక్కువ కొట్టుకోలేదు. మన దేశంలో తయారయ్యే బ్రాండుల్లోనే తీసుకోవాలని ముందే అనుకున్నాను, ఒకటి పోతే మర్నాడే ఇంకోటి దొరకాలి కాబట్టి. సదాశివపేటలో ఎమ్మారెఫ్ ఫ్యాక్టరీ పెట్టుకుని, మనం టైరు కోసం ఐదు వారాలు ఓడ వైపు చూడటం ఏమిటి అనిపిస్తుంది నాకు. చివరికి మూడు బ్రాండుల్లో ఆ రోజు స్టాకులో ఉండి, నాలుగూ అదే సంవత్సరంలో చేసినవి ఎవరి దగ్గరుంటే వాళ్లవి తీసుకున్నాను. చూసినవి మూడే: చుట్టూ నిలువుగా నాలుగు వెడల్పైన గాడులు ఉండాలి, నీళ్లు పోవడానికి. టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే లోడ్ అంకె ఒరిజినల్ టైరుకన్నా తగ్గకూడదు. వేగపు అక్షరం డబ్ల్యూ, అంటే గంటకు 270 కిలోమీటర్ల దాకా. ఈ ఊళ్లో 270 ఎవరు పోతారని మా ఆవిడ అడిగింది, సబబే, కానీ ఇన్సూరెన్సు సర్వేయరుకు సాకు ఇవ్వడం నాకిష్టం లేదు. ఒక్కోటి 9,800, నాలుగు 39,200. నైట్రోజన్ వేస్తామన్నారు, టైరుకు 50. గాలిలో 78 శాతం ఎలాగూ నైట్రోజనే, మిగతా 22 శాతం కోసం 200 ఖర్చుపెట్టలేదు.

బిగింపు దగ్గర మళ్లీ ఒక తమాషా. ఆ టైర్ల గాడుల నమూనా రెండువైపులా ఒకేలా ఉండదు, ఒక పక్క 'అవుట్‌సైడ్' అని అచ్చు వేసి ఉంటుంది. ఆ వైపు బయటికి రావాలి. నేను డబ్బులు కట్టి వచ్చి చూస్తే ఎడమవైపు రెండు టైర్ల మీదా ఆ మాట నాకు కనిపించలేదు. వంగి కారు కిందికి చూస్తే లోపల ఉంది. చెబితే పిల్లాడు "రెండు దిక్కులా రబ్బరే కద సార్" అన్నాడు. యజమాని వచ్చి చూసి, వాణ్ని ఒకటి తిట్టి, మళ్లీ విప్పించి తిరగేసి బిగించాడు. నేను చూడకపోతే ఆ నీళ్ల గాడులన్నీ తప్పు చోట పనిచేసేవి. దాని మీద మిషను గన్నుతో బోల్టులు బర్రుమని బిగించేశారు. ఇంటికొచ్చి 3,200 పెట్టి, ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ పానా కొనుక్కున్నాను. మా కారు బోల్టులకు 120 న్యూటన్ మీటర్లు. ఒక్కొక్కటీ వదులుచేసి మళ్లీ క్లిక్కుమనే దాకా బిగించాను, యాభై కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూశాను. ఒకటి నిజంగానే పావు చుట్టు తిరిగింది.

బిగింపు, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంటు కలిపి 1,600. మొత్తం 63,200. ఇది చవకేమిటి అని మీరు అడగవచ్చు, మా పార్ట్‌నర్ కూడా అడిగాడు. నా వాదన ఇది: టైర్లు అదనపు ఖర్చు కాదు, ఒక జత తిరుగుతుంటే రెండోది అరగదు. అసలు అదనం రిమ్ములు, పానా, కూలీ కలిపి 24,000. పార్ట్‌నర్ కూడా సీఏనే కదా, నా లెక్కలో కన్నం వెంటనే పట్టుకున్నాడు. "నువ్వు ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లు తిరగవు. అరిగేలోపే రెండు జతలూ ముసలివైపోతాయి" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. రోజూ తిరిగేవాళ్లకు నా వాదన నిలుస్తుంది, నాకు మాత్రం సగమే.

జూన్ రెండో వారంలో మొదటి గట్టి వాన. మెహదీపట్నం నుంచి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి శంషాబాద్ దాకా కావాలని వెళ్లాను. తేడా మొదటి పది నిమిషాల్లోనే తెలిసింది. ఇంతకుముందు రోడ్డు పక్కన నిలిచిన నీళ్లలో ఎడమ చక్రం పడితే స్టీరింగు చేతిలోంచి గుంజుకునేది, ఇప్పుడు గుంజలేదు. పై వంతెన అతుకుల మీద ధడ్ ధడ్ మనడం పోయి దుబ్ దుబ్ అయింది. ఆరాంఘర్ దిగాక ఒక గుంత తగిలింది, నేను పళ్లు బిగించాను, కారు మాత్రం పట్టించుకోలేదు. పోయింది కూడా ఉంది. మలుపుల్లో కారుకు ముందున్న ఆ చురుకు లేదు. స్టీరింగు తిప్పాక కారు ఒక అర క్షణం ఆలోచించి తిరుగుతుంది. నాకు అది చిన్న విషయం కాదు, ఆ చురుకు కోసమే కదా ఈ బండి కొన్నది.

చూడటానికి ఎలా ఉందంటే, మా ఆవిడ ఒక్క మాటలో చెప్పింది: "సూటు వేసుకున్న పెళ్లికొడుకు హవాయి చెప్పులేసుకున్నట్టుంది." ఫోటో పంపితే బావమరిది "మా దగ్గర నవంబరు వస్తే ఊరంతా ఇలాగే ఉంటుంది బావా" అన్నాడు.

తీసేసిన 18 అంగుళాల జత ఎక్కడ పెట్టాలన్నది నేను అసలు ఆలోచించని సంగతి. మాంట్రియల్‌లో గరాజులుంటాయి, మాది మూడు గదుల ఫ్లాటు. రిమ్ముతో ఉన్న టైర్లను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టవచ్చు, రిమ్ము లేని ఉత్త టైరయితే నిలబెట్టాలి. ఎండ తగలకూడదు. బాల్కనీలో ఎండ. సెల్లార్‌లో పెడితే ఉంటాయన్న హామీ వాచ్‌మన్ ఇవ్వలేదు. చివరికి ఆవకాయ జాడీలు, బియ్యం డబ్బాలు ఉండే స్టోర్ రూములో పాత దుప్పటి చుట్టి పెట్టాను. సరిగ్గా ఆ వారమే కొత్తావకాయ కలిపారు. గదంతా రబ్బరు వాసనో, రబ్బరుకు ఆవపిండి వాసనో తేల్చుకోలేక మా అత్తగారు రెండు రోజులు జాడీ మూత తీసి వాసన చూస్తూనే ఉన్నారు. ఆ మాట ఇంకా అప్పుడప్పుడు వస్తుంటుంది.

ఆ వానాకాలం మొత్తంలో రిమ్ము దెబ్బ తినలేదు. ఒకే ఒక పంచరు, మేకు గుచ్చుకుని, మలయాళీ పెద్దాయన 150కి తీర్చాడు. సెప్టెంబరు 22న టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. నేను కొన్న మూడు నెలలకు. నా 39,200 మీద లెక్క వేస్తే మూడు వేల పైచిలుకు ఆదా అయ్యేది. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు, ఆ వారం ఆఫీసులో మాత్రం వచ్చిన క్లయింటుకల్లా చెప్పాను.

అక్టోబరు 20న దీపావళి. వానలు అయిపోయాయని గట్టిగా నమ్మి, ముందు రోజు ఆదివారం స్టోర్ రూములోంచి 18లు దింపి, సెల్లార్‌లో జాకీ వేసి నేనే మార్చుకున్నాను. మూడు గంటలు పట్టింది, నడుం పట్టేసింది, కారు మళ్లీ కారులా కనిపించింది. పాసాట్ చక్రాలు కడిగి, ఆరబెట్టి, ఎడమ ముందు, కుడి వెనక అని సుద్దతో రాసి దుప్పటి చుట్టి లోపల పెట్టాను.

28న మొంథా తుపాను ఆంధ్రా తీరం దాటింది. మర్నాడు పొద్దున మా కూకట్‌పల్లిలో ముసురు పట్టి, మా వీధిలో చీలమండ దాకా నీళ్లు. స్టోర్ రూము తలుపు దగ్గర కాసేపు నిలబడ్డాను. నడుం ఇంకా నొప్పిగానే ఉంది. గొడుగు తీసుకుని మెట్రో స్టేషనుకు నడిచాను.